నర్సింగు విద్యార్థినుల వివేకమునకు కొలమానము
(సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగుమాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. విద్య యనినంతనే ఇంజనీరింగు, న్యాయశాస్త్రము, సర్కారు కొలువు మున్నగువానిని గూర్చి ప్రసంగించుట మన సభలకు వాడుక. మేము నేడు నర్సింగు విద్యను గూర్చి, అందును ఒక్క ప్రశ్నను గూర్చి మాత్రమే మనవి చేయదలచితిమి. నర్సింగు చదువుచున్న విద్యార్థినికి వివేక మెంత యున్నదో కొలుచుట సాధ్యమా? సాధ్యమైనచో దేనితో కొలువవలెను? కొలిచినపిదప ఆ కొలతను ఏమిచేయవలెను?

ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. సంఘము విద్యార్థివేతనముల నిచ్చునపుడు మార్కుల జాబితాను ముందిడుకొని పైనుండి క్రిందికి లెక్కించుచున్నది. నర్సింగు విద్యార్థినుల విషయమున మార్కులు చాలవు, గుణమునుగూడ చూడవలెనని కొందరు పెద్దలు పట్టుపట్టుచున్నారు. గుణమును తూచుటకు త్రాసు ఏది? అట్టి త్రాసు పేరు చెప్పి చివరకు సిఫార్సులకు తలుపు తెరచినట్లగునని మరికొందరు భయపడుచున్నారు. ఇరువురి మాటయందును సత్యమున్నది. కావున ఈ విషయమును నిదానముగా విచారించుట మంచిది.

మన ప్రాంతమునకు రోగిపరిచర్య క్రొత్తది కాదు. అనంతగిరి కొండమీది క్షయరోగ చికిత్సాలయమును, వికారాబాదునందు మెథడిస్టు మిషనువారు నడపిన ఆసుపత్రిని ఎరుగనివారు ఈ సభలో అరుదు. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడి లోకమున వ్యాపించువరకు క్షయకు నిజమైన మందు లేదు. విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, శుద్ధమైన గాలి, పరిచర్య, ఇవియే చికిత్స. అనగా నాడు పరిచర్యయే సగము వైద్యము. 1956లో మదరాసున ఆరంభమైన పరిశోధన, మందులు సక్రమముగా మ్రింగినచో ఇంటివద్ద చేయు చికిత్స శానిటోరియము చికిత్సకు తీసిపోదని 1959లో తేల్చినది. అప్పటినుండి క్షయరోగి కొండ దిగి తన ఇంటికి వచ్చెను. అతనితో కూడ పరిచారిక బాధ్యతయు కొండ దిగినది. మంచముపై పరుండినవానికి మందు త్రాగించుట సులభము. పనికి పోవువానిచేత ఆరు మాసములు విడువకుండ మందు మ్రింగించుట కష్టము. దానికి చేతినేర్పు చాలదు.

ఒక ఉదాహరణము చెప్పెదము. తాండూరు చుట్టుపట్టుల నాపరాతి గనులు, రాతిని నునుపుచేయు కార్ఖానాలు ఎన్నియో కలవు. రాతిధూళి ఏండ్లతరబడి పీల్చినవాని ఊపిరితిత్తులు గట్టిపడును. అట్టివానికి క్షయ సోకుట ఇతరులకంటె సులభము. ఒక రాతిపనివానికి క్షయయని తేలి మందు లిచ్చిరనుకొనుడు. వానిలో రిఫాంపిసిను ఒకటి. దానివలన మూత్రము ఎఱ్ఱబారును. ఆ సంగతి ముందు చెప్పకపోయిన అతడు రక్తము పోవుచున్నదని బెదరి మందు మానివేయును. చెప్పినను, రెండు మాసములలో దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంటికి బలము రాగానే నాకు నయమైనదని మానివేయువారు కలరు. ఇప్పుడు ఇరువురు విద్యార్థినులను ఊహింపుడు. ఒకతె పుస్తకములోని విషయము నంతయు తప్పులేకుండ ఏకరువు పెట్టి కాగితముమీద గుర్తు పెట్టుకొనును. రెండవయామె, "అన్నా, మందులకు దవాఖానాకు వచ్చిన దినము నీ కూలి పోవునా? ఇంటిలో మందు జ్ఞాపకము చేయువా రెవరు?" అని అడుగును. అతడు కన్నడము కలిసిన తెలుగులో సగము చెప్పి, సగము మ్రింగినను ఆమెకు తెలియును. పరీక్షలో ఇరువురికిని సమానముగా మార్కులు వచ్చును. కాని ఆరవ మాసమున రోగి ఎవరివద్ద మిగులునో మీరే చెప్పుడు.

ఈ రెండవ విద్యార్థినియందున్నదానినే మేము వివేకమనుచున్నాము. "విచ్" అను ధాతువునకు వేరుపరచుట అర్థము. పాలను, నీటిని హంస వేరుచేయునట్లు, ఈ క్షణమున ఈ రోగికి ఏది ముఖ్యమో, ఏది కాదో వేరుపరచి, దానికి తగినట్లు నడచుకొనుటయే వివేకము. అది విద్య లేనిదే రాదు. విద్య ఉన్నంతమాత్రమున వచ్చునదియు కాదు.

మన ప్రాచీనులు ఈ భేదము నెరుగుదురు. చరకసంహిత సూత్రస్థానము తొమ్మిదవ అధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో ఏది కుంటిదైనను చికిత్స నిలువదు. పరిచారకునకు మరల నాలుగు గుణములు విధింపబడినవి. ఉపచారములు తెలిసియుండుట, దక్షత, తాను సేవించువానియందు అనురాగము, శుచిత్వము. నేటి నర్సింగు పరీక్షలో మొదటిదానికి ప్రశ్నపత్రమున్నది. రెండవదానికి ప్రయోగపరీక్ష యున్నది. నాల్గవదానిని చేతులు కడుగుకొను తీరునుబట్టి చూడవచ్చును. మూడవదానికి మాత్రము మార్కుల గడి లేదు. తెలిసినదానిని, చేతనైనదానిని ఎప్పుడు, ఎవరికొరకు, ఎంతమాత్రము వినియోగింపవలెనో నిర్ణయించు శక్తికిని గడి లేదు. మా ప్రశ్న అచ్చటనే పుట్టినది.

సంస్కృతమున "ప్రమాణ" మను శబ్దము కొలుచుట యను అర్థముగల "మా" ధాతువునుండి వచ్చినది. దేనివలన యథార్థజ్ఞానము కలుగునో అది ప్రమాణము. గౌతముని న్యాయశాస్త్రము ప్రమాణములు నాలుగనినది. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. వివేకమును కొలుచుటకు నేటి పండితులు కల్పించిన పద్ధతులును చిత్రముగా ఈ నాలుగు వరుసలలోనే ఇముడుచున్నవి. ఒక్కొక్కదానినే పరిశీలింతము.

మొదట శబ్దము, అనగా మాట. విద్యార్థినినే "నీకు వివేక మెంత?" యని వేరువేరు మాటలలో అడుగుట. పాశ్చాత్యదేశములలో ఇట్టి మాపకములు కొన్ని తయారైనవి. మోనికా ఆర్డెల్ట్ అను విదుషీమణి 2003లో 39 వాక్యములతో ఒక మాపకమును ప్రకటించెను. అది వివేకమును మూడు ముఖములుగా చూచును. సత్యము నెరుగు బుద్ధి, తన్నుతాను పరిశీలించుకొను చూపు, ఇతరులయందు దయ. పూనాలో వైద్యవిద్య నభ్యసించి అమెరికాలో మనోవైద్యుడైన దిలీప్ జెస్తే తన సహచరులతో గూడి 2017లో 24 వాక్యముల మాపకమును వెలువరించెను. ఈయనయే ఇప్సిత్ వాహియాతో గూడి 2008లో భగవద్గీతలోని వివేకలక్షణములను ఆధునికుల అభిప్రాయములతో పోల్చి వ్యాసము వ్రాసినవాడు. ఇతరుల కష్టమునకు మనసు కరగుట, కోపమును అణచుకొనుట వంటి విషయములను వాక్యములుగా నిచ్చి, "పూర్తిగా అంగీకరింతును" మొదలు "ఏమాత్రము అంగీకరింపను" వరకు ఒక గుర్తు పెట్టుమనుట ఈ మాపకముల పద్ధతి. వేలమందిని ఒక్కసారి పరిశీలించి సగటులు పోల్చుటకు ఇవి ఉపయోగపడును. వీనిని నిర్మించినవారి శ్రమను మేము తక్కువచేయుటలేదు.

అయితే శబ్దప్రమాణమునకు మన శాస్త్రము ఒక నియమము పెట్టినది. ఆప్తుని వాక్యమే ప్రమాణము. తన్ను గూర్చి తాను చెప్పుకొనుటయందు మనుష్యుడు ఆప్తుడా? అవివేకి తనకు తెలియని సంగతి యున్నదనియే యెరుగడు గనుక నిండు మార్కులు వేసికొనును. వివేకవతి తన లోపములను చూచుకొనును గనుక తగ్గించి వేసికొనును. విద్యార్థివేతనము ఆ కాగితముపై ఆధారపడి యున్నదని తెలిసినచో అందరును దయామయులే యగుదురు.

దీనికి దృష్టాంతముగా ఒక పరిశోధనను సభవారు తప్పక వినవలెను. 1966లో చార్లెస్ హోఫ్లింగ్ అను అమెరికా మనోవైద్యుడును, అతని సహచరులును ప్రకటించినది. రాత్రివేళ వార్డులోని నర్సునకు ముక్కు మొగ మెరుగని ఒక "డాక్టరు" టెలిఫోను చేసి, ఫలానా రోగికి ఆస్ట్రోటెన్ అను మందు 20 మిల్లీగ్రాము లిమ్ము, నేను వచ్చి కాగితముపై సంతకము చేసెదనని చెప్పును. మందుడబ్బాపై దినమునకు 10 మిల్లీగ్రాములు మించరాదని స్పష్టముగా వ్రాసియున్నది. టెలిఫోనులో చెప్పిన మందు ఇయ్యరాదని ఆసుపత్రి నిబంధన. 22 మంది నర్సులలో 21 మంది మందు తీసికొని రోగివద్దకు బయలుదేరిరి. అందున్నది హానిలేని చక్కెరపొడియే. త్రోవలోనే వారిని ఆపివేసిరి. ఇది కథలో సగము. మిగిలిన సగము వినుడు. ఇదే సంగతిని వేరొకచోట కథగా చెప్పి, మీరైన ఏమి చేయుదురని అడిగిరి. చదువు పూర్తిచేసిన 12 మంది నర్సులలో 10 మంది ఇయ్యమనిరి. నర్సింగు విద్యార్థినులు 21 మందియు, ఒక్కరు తప్పకుండ, ఇయ్యమనియే చెప్పిరి.

ఆ విద్యార్థినులు అబద్ధమాడలేదు. వారు నిజముగనే అట్లనుకొనిరి. కాగితముమీద కలము పట్టిన చేయియు, రాత్రి రెండుగంటలకు టెలిఫోను పట్టిన చేయియు ఒక్కటియే యైనను వాని బలము వేరు. కావున మాటతో కొలిచినది మాటను మాత్రమే కొలుచును.

రెండవది అనుమానము. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, చిక్కుతో కూడిన ఒక కథను ముందుంచి, విద్యార్థిని దానిని విప్పు తీరునుబట్టి లోని వివేకమును ఊహించుట. జర్మనీలో బెర్లిను నగరమున పాల్ బాల్టెస్, ఉర్సులా స్టాడింగర్ ప్రభృతులు ఈ మార్గమును త్రొక్కిరి. ఉత్తరమును తీర్పరులు ఐదు అంశములందు పరీక్షింతురు. విషయము తెలియునా? ఎట్లు నడచుకొనవలెనో తెలియునా? ఆ మనుష్యుని కాలస్థితిగతులను గమనించినదా? విలువలు మనిషిమనిషికి వేరని ఒప్పుకొన్నదా? ముందేమగునో ఎవరికిని నిశ్చయముగా తెలియదని గుర్తించినదా? ఇందు తన్ను తాను పొగడుకొనుటకు తావు లేదు. కావున ఇది మొదటి పద్ధతికంటె మేలు.

మనకు దీనిని పోలిన పరీక్ష భారతమున నున్నది. యక్షుడు ధర్మరాజును ఎన్నో ప్రశ్నలడిగెను. ధర్మరాజు అన్నిటికిని ఉత్తరము చెప్పెను. మేము పిల్లలకు ఆ ఘట్టము పాఠము చెప్పునప్పుడు వారందరును ప్రశ్నోత్తరములే పరీక్ష యనుకొందురు. అసలు పరీక్ష తరువాత వచ్చినది. తమ్ములలో ఒక్కనిని బ్రతికించెదను, ఎవరిని కోరుదువని యక్షు డడిగెను. యుద్ధమునకు పనికివచ్చు భీముని గాని అర్జునుని గాని కోరక, ధర్మరాజు నకులుని కోరెను. ఎందుకని యక్షుడు మరల అడిగెను. కుంతికి తాను మిగిలియున్నాడు, మాద్రికిని ఒక కుమారుడు మిగులవలెనని ఉత్తరము. ఇందు గమనింపవలసినవి రెండు. మొదటిది, ఆ నిర్ణయమువలన ధర్మరాజునకు నిజముగనే నష్టమున్నది. రెండవది, యక్షుడు కోరికను విని ఊరకుండక కారణ మడిగెను. నష్టము లేని నిర్ణయము, కారణ మడుగని పరీక్ష వివేకమును బయటపెట్టజాలవు. తరగతిలో చెప్పిన కథకు ఉత్తరమిచ్చిన విద్యార్థినికి పోవునది ఏమియు లేదు. అనుమానప్రమాణమునకు కొరత ఇచ్చటనే.

మూడవది ప్రత్యక్షము. చేయుచుండగా కన్నులార చూచుట. స్కాట్లండులోని డండీ నగరమున రోనాల్డ్ హార్డెన్ 1975లో ఒక పరీక్షావిధానమును ప్రకటించెను. విద్యార్థి వరుసగా కొన్ని గదులకు పోవును. ఒకచోట నాడి చూచుట, ఒకచోట రోగిగా నటించువానితో మాటాడుట, ఒకచోట మందు మోతాదు లెక్కించుట. ప్రతి గదిలోను పరీక్షకుడు ముందు నిర్ణయించిన పట్టికనుబట్టి గుర్తులు వేయును. దీనిని ఆస్కీ యని పిలుతురు. భారత నర్సింగు కౌన్సిలు 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగు పాఠ్యక్రమమున, ఎనిమిది సెమిస్టరుల చదువులో, ఈ పద్ధతికి చోటిచ్చినది. ఇది మేలైన మార్పు. మార్కులు కంఠస్థమునకు కాక పనికి పడును.

కాని ప్రత్యక్షమునకును పరిమితి యున్నది. పరీక్షగదిలో రోగి యొక్కడు. వార్డులో పలువురు. ప్రిన్స్‌టన్ వేదాంతపాఠశాలలో చదువుచున్న 40 మంది విద్యార్థులపై డార్లీ, బాట్సన్ అను ఇరువురు 1973లో ప్రకటించిన పరిశోధన ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. దారిలో నొకడు మూలుగుచు కూలబడియుండును. తొందర లేని విద్యార్థులలో నూటికి 63 మంది, కొంత తొందరగలవారిలో 45 మంది, మిక్కిలి తొందరలో నున్నవారిలో 10 మంది మాత్రమే నిలిచి సాయపడిరి. ధర్మగ్రంథములు చదువువారియందే తొందర ఇంత పనిచేసినది. ఇక రాత్రియంతయు నిలువుకాళ్ళమీదనున్న పరిచారిక మాట చెప్పవలెనా? కాన్పై పడుకొన్న తల్లి "బిడ్డా, కండ్లు తిరుగుతున్నయ్" అనును. రక్తపోటు ఇంకను సరిగనే యున్నది. నాడి మాత్రము వేగముగా కొట్టుకొనుచున్నది. లోపల రక్తస్రావము మొదలైనపుడు నాడి ముందు చెప్పును, రక్తపోటు తరువాత చెప్పును. ఈ సంగతి విద్యార్థినికి పుస్తకమునందు తెలియును. నిద్రించుచున్న డాక్టరును లేపవలెనా? ఏమియు లేకున్న కసరుకొందురేమో? ఆ అరనిమిషము ఆస్కీ గదిలోనికి రాదు.

నాల్గవది ఉపమానము. గవయమును ఎరుగనివానికి అది గోవువంటిదని చెప్పుదురు. అడవిలో చూచినప్పుడు ఆ పోలికతో గుర్తించును. వివేకవతియైన పరిచారిక యెట్లుండునో ఎరిగినవారు, విద్యార్థినిని ఆమెతో పోల్చి, ఎంత దూరము వచ్చినదో చెప్పుట ఇట్టిదే. అమెరికాయందలి పట్రిషియా బెన్నర్ అను నర్సింగు ఆచార్యురాలు 1984లో ప్రకటించిన గ్రంథమున నర్సు ఎదుగుదలను ఐదు మెట్లుగా వర్ణించెను. తొలిమెట్టున నున్నది నియమమును చూచును, తుదిమెట్టున నున్నది సందర్భమును చూచును. ఆమె ప్రశ్నపత్రములు పంచి ఈ సంగతి తెలిసికొనలేదు. పరిచారికలు తాము నిజముగా చేసిన పనులను కథలుగా చెప్పుచుండగా విని, వార్డులో చూచి తెలిసికొనెను. ఈ పద్ధతికి కాలము కావలెను, ఓపిక కావలెను. పలువురి చూపు కావలెను. పాఠము చెప్పు ట్యూటరు ఒకవైపు, వార్డు బాధ్యురాలు ఒకవైపు, తోడి విద్యార్థిని ఒకవైపు, రోగి ఒకవైపు చూడవలెను. ఒక్కరి చూపే కొలత యైనచో అది పక్షపాతమగును. చక్కగా ఆంగ్లము మాటాడు పట్టణపు పిల్ల వివేకవతివలె కనిపించును. తండానుండి వచ్చి, తెలుగు తడబడుచు, తల వంచుకొని నిలుచు పిల్ల మందమతివలె కనిపించును. కాని తాండూరు జిల్లా ఆసుపత్రిలో లంబాడీ అవ్వకు ఎచ్చట నొప్పియో తెలిసికొనునది ఆ రెండవ పిల్లయే కావచ్చును.

ఇంతవరకు చెప్పినదాని సారమేమి? వివేకమును కొలువవచ్చును, కాని ఒక్క అంకెలో ఇముడ్పలేము. విద్యార్థిని తన్ను గూర్చి చెప్పుకొను మాట అన్నిటికంటె చౌకయైన కొలత, అన్నిటికంటె బలహీనమైన కొలత. చేసిన పని, దానికి చెప్పిన కారణము, చాలకాలము చూచిన పలువురి సాక్ష్యము, ఈ మూడును కలిసినప్పుడే కొలతకు ప్రామాణ్యము.

మరియొక ముఖ్యవిషయమున్నది. హోఫ్లింగు పరిశోధనను 1977లో ర్యాంక్, జేకబ్సన్ అనువారు కొలదిమార్పులతో మరల చేసిరి. ఈసారి నర్సులకు పరిచయమున్న మందును ఎన్నుకొనిరి. తోడివారిని సంప్రదించు అవకాశ మిచ్చిరి. 18 మందిలో 16 గురు ఆ తప్పుమోతాదును ఇయ్యలేదు. ఒకచోట 22 మందిలో 21 మంది లోబడుట, ఒకచోట 18 మందిలో 16 గురు నిలద్రొక్కుకొనుట! ఈ పరిచారికలు వారికంటె ఉత్తమజాతి స్త్రీలు కారు. తెలిసిన మందు, ప్రక్కన అడుగుటకు ఒక మనిషి, ఇవియే భేదము. కావున వివేకమును విద్యార్థిని తలలో మాత్రమే వెదకరాదు. అడుగుటకు ఆమెకు తావున్నదా యనికూడ చూడవలెను.

ఇచ్చటనే మన గృహములకును ఈ కొలతకును సంబంధము కలుగుచున్నది. మన యిండ్లలో ఆడపిల్ల పెద్దలమాటకు ఎదురు చెప్పకుండుటను సుగుణముగా ఎంచుచున్నాము. ఎందుకని అడిగిన పిల్లను పెడసరమందుము. పదునెనిమిదేండ్లు అట్లు పెంచి, పిమ్మట ఆసుపత్రికి పంపి, డాక్టరు వ్రాసిన మోతాదు తప్పనిపించినచో "అయ్యా, ఒక్కమారు చూడుడు" అని ఆమె అడుగవలెనని ఆశించుచున్నాము. ఇంటిలో మూయించిన నోరు వార్డులో తెరచుకొనునా? వినయము వేరు, మౌనము వేరు. గురువును ప్రశ్నించి తెలిసికొమ్మనియే మన ఉపనిషత్తుల పద్ధతి. గార్గి యాజ్ఞవల్క్యుని నిండుసభలో ప్రశ్నించెను. ఆమెను అవినయవతి యని ఎవరును అనలేదు. తగినవేళ మర్యాదతో ప్రశ్నించుట పరిచారికకు అలంకారము మాత్రమే కాదు, అది రోగికి ప్రాణరక్ష.

వివేకము బీదరోగియందు ఒకతీరుగను, ధనికునియందు ఒకతీరుగను ఉండునది కాదు. కులసభలో నిలిచి ఈ మాట చెప్పుట అవసరమనియే చెప్పుచున్నాము. విద్యార్థివేతనము మన సంఘముది. కాని దానితో చదివిన చేతులు మన కులమువారికొరకు మాత్రమే కావు. మంచముమీదనున్నవాని కులము నడుగక నాడి పట్టుకొనునదే పరిచారిక. ఆమెను చదివించుటవలన సంఘమునకు కలుగు కీర్తి అదియే.

ఇక మా మనవులు నాలుగు.

మొదటిది. విద్యార్థివేతనములను పూర్వమువలెనే బీదరికమును, మార్కులను చూచి ఇయ్యవలెను. వివేకమాపకములని ప్రశ్నపత్రములు పంచి వాని అంకెలను ఎన్నికలో కలుపరాదు. కొలతకు ధనమును ముడివేసిన దినముననే కొలత చెడును. దయను నటించుట నేర్చినవారికి దయగలవారికంటె ఎక్కువ మార్కులు వచ్చును. సిఫార్సునకు భయపడు పెద్దలకు ఇది మా సమాధానము.

రెండవది. గుణమును చూడవలెనను పెద్దల కోరికయు తీరవలెను. వేతనము పొందు విద్యార్థినులను ఏడాదికి రెండుమారులు, ఒకమారు వికారాబాదున, ఒకమారు తాండూరున, సమావేశపరుపవలెను. మనవారిలో నర్సులుగా పనిచేయుచున్నవారిని, పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారిని పిలువవలెను. ప్రతి విద్యార్థినియు తాను వార్డులో చూచిన ఒక సంగతిని, రోగి పేరు, ఊరు బయటపెట్టక, చెప్పవలెను. ఏమి చూచినది? ఏమనుకొన్నది? ఎవరి నడిగినది? ఏమి చేసినది? ఏల చేసినది? పెద్దలు యక్షునివలె కారణ మడుగవలెను. మార్కులు వేయవలదు. ఆమె ఎదిగిన తీరును రెండు వాక్యములలో వ్రాసి ఆమెకే ఇయ్యవలెను. నాల్గవయేట ఆ కాగితములను వరుసగా చదువుకొన్నచో తన్ను తానే పోల్చుకొనును. ఒకరితో నొకరిని పోల్చు కొలత కంటె, నిన్నటి తనతో నేటి తన్ను పోల్చు కొలత మేలు.

మూడవది. మన జిల్లాలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరవబడినది. వైద్యులగు బిడ్డలను ఈ వేదికపై సన్మానించుచున్నాము. నర్సింగు ముగించిన బిడ్డలను అదే వేదికపై, అదే పూలమాలతో సన్మానింపవలెను. నాలుగు పాదములలో ఒక పాదమును ఎత్తైన పీటమీద, ఒక పాదమును నేలమీద నిలిపినచో మంచము నిలువదు. పెండ్లిమాటలయందు "రాత్రి డ్యూటీలు చేయు పిల్ల" యని ముఖము చిట్లించువారు, తమ యింటివారికి రాత్రివేళ ప్రాణముమీదికి వచ్చినప్పుడు మేలుకొనియున్న దెవరో తలచుకొందురు గాక.

నాల్గవది తల్లిదండ్రులకు. మీ కుమార్తె ఏదేని అడిగినప్పుడు "నీకెందుకు?" అనకుడు. ఉత్తరము తెలిసిన చెప్పుడు, తెలియకున్న తెలియదనుడు. వివేకమునకు మొదటి పాఠశాల వంటయిల్లు, వసారా. ఆ పాఠశాలకు ప్రవేశపరీక్ష లేదు, రుసుము లేదు.

1859లో నర్సింగును గూర్చి గ్రంథము వ్రాసిన ఫ్లారెన్సు నైటింగేలు రోగిని గమనించుటను పరిచారికకు ముఖ్యవిద్యగా చెప్పెను. ఆమె లెక్కల యందును దిట్ట. క్రిమియా యుద్ధమున సైనికులు ఏల చనిపోయిరో పటములు గీసి చూపెను. కొలుచుటను ఆమె రోగుల మేలుకొరకు వినియోగించినది. మనమును విద్యార్థినుల వివేకమును వారి మేలుకొరకు, వారి చేతులలో పడబోవు రోగుల మేలుకొరకు కొలుతము. వారిలో నొకరిని హెచ్చుచేసి, ఒకరిని తగ్గించుటకొరకు కొలువవలదు.

వికారాబాదున, తాండూరున, దూరదేశములందును రోగుల ప్రక్కన మేలుకొనియున్న మన బిడ్డలకు ఆయురారోగ్యములు కలుగుగాక!

స్వస్తి.